చాలిన దెబ్బలు

మా అమ్మ దవడ విరిగింది ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆ పొద్దున మా నాన్న చర్చిలో డోలక్ వాయించాడు. వాయించిన చేతితోనే కొట్టాడు. ఈ మూడు మాటలూ పక్కపక్కన పెట్టి చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. చర్చి సంగతులు చెప్పేటప్పుడు ఇంటి సంగతులు ఎత్తకూడదని మమ్మల్ని పెంచారు మరి.

నర్సీపట్నంలో మాది మిషన్ రోజుల నాటి చర్చి. దాని వెనక సందులో మా ఇల్లు. నాన్న చెరకు సీజనులో ట్రాక్టర్ తోలేవాడు, మిగతా రోజుల్లో ఇటుకో, ఇసుకో, ఏ లోడు దొరికితే అది. అమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆదివారం వచ్చిందంటే నాన్న ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, డోలక్ ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చునేవాడు. ఆ చెయ్యి పడితే నడవలేని ముసలమ్మలు కూడా ఊగిపోయేవారు. యలమంచిలిలో కూటాలు పెట్టినా మా నాన్ననే పిలిచేవారు. మీ నాన్న చేతుల్లో దేవుడు వరం పెట్టాడమ్మా అని నాతో ఎంతమంది అన్నారో. ఆ చేతుల సంగతి వాళ్ళకంటే నాకు బాగా తెలుసు. అయినా తలూపి ఊరుకునేదాన్ని.

నాన్న తాగేవాడు కాదు. తాగి కొట్టే మగాళ్ళున్న ఇళ్ళలో నెపం సారా మీద వేసుకునేవారు, మాకు ఆ వసతి కూడా లేదు. కూరలో ఉప్పు తగ్గితే కొట్టేవాడు. అడిగిన మాటకు జవాబు ఆలస్యమైతే కొట్టేవాడు, వెంటనే జవాబిస్తే ఎదురు చెప్పిందని కొట్టేవాడు. ఒకసారి నా కోసం లోడు మీంచి తెచ్చిన చెరకు గెడతోనే అమ్మ వీపు మీద కొట్టాడు. గెడ ముక్కలైపోయింది. అమ్మ కాసేపటికి లేచి, ఆ ముక్కలు కడిగి, తినమని నా చేతికిచ్చింది. నేను తినలేదు. ఇప్పటికీ చెరకు తినను.

కొట్టాక ఏడ్చేవాడు. అది దొంగ ఏడుపు కాదు, నిజం ఏడుపే, అందుకే నాకు మరీ అసహ్యం. నేల మీద మోకాళ్ళేసి, మమ్మల్ని కూడా మోకాళ్ళేయమని, గొంతెత్తి ప్రార్థన చేసేవాడు. తాను పురుగునని, ప్రభువు చేతుల్లో దిగిన మేకు తన పాపమేనని అనేవాడు. ఎంత బాగా చేసేవాడంటే పక్కింటివాళ్ళు గోడ అవతల నుంచి ఆమెన్ అనేవారు. పక్కనే అమ్మ పెదవి నుంచి రక్తం గడ్డం మీదికి జారుతూ ఉండేది. ప్రార్థన మధ్యలో తుడుచుకుంటే భక్తి లేదంటాడని అలాగే వదిలేసేది. ఆమెన్ అన్నాక నాన్న అన్నం పెట్టమనేవాడు. దెబ్బ, ఏడుపు, ప్రార్థన, అన్నం. ఈ వరస ఎప్పుడూ తప్పలేదు. నాన్న మనసు తేలికయ్యేది, కడుపు నిండేది. దెబ్బలు మాత్రం అమ్మ ఒంటి మీద ఉండిపోయేవి.

నేను పదో తరగతిలో ఉన్నాను అప్పుడు, తొంభైల చివర. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాలు మొదలయ్యాయి. ఆ ఆదివారం ఆరాధనలో అమ్మ ఒక పాట తాళం కంటే ముందే అందుకుంది. ఆడవాళ్ళంతా ఆమె వెంట పోయారు, డోలక్ వెనకబడింది. ఎవరో నవ్వారు కూడా. ఇంటికొచ్చాక నాన్న చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

"సంగంలో నా పరువు తీసీసినావు," అన్నాడు.

"పాటే కదేటి," అంది అమ్మ, పొయ్యి మీద కూర కలుపుతూ.

అంతే. జుట్టు పట్టి లాగి ఆమె మొహాన్ని గుమ్మానికేసి కొట్టాడు. ఒకసారి కాదు. మొదటి దెబ్బకు చెక్క చప్పుడు వచ్చింది. ఆ తర్వాత వచ్చింది ఎముక చప్పుడు. వంటింట్లో నిలబడి ఉన్న నాకు ఆ తేడా తెలిసిపోయింది. చేతికందిన ఇనప గరిటెతో నాన్న మెడ మీద కొట్టాను. నన్ను పొట్టలో తన్నాడు, పొయ్యి పక్కకు పోయి పడ్డాను. లేచి చూసేసరికి అమ్మ నోట్లోంచి పళ్ళు, రక్తం కలిసి నేల మీద పడుతున్నాయి. కింది దవడ ఒక పక్కకు వాలిపోయి ఆ మొహం మా అమ్మది కాదనిపించింది. అప్పుడు నాన్న మోకాళ్ళేశాడు.

నేను ప్రార్థనకు ఆగలేదు. అమ్మ రెక్క పట్టుకుని రోడ్డు మీదికి లాక్కొచ్చి ఆటో ఎక్కించాను. ఊళ్ళో ఆసుపత్రిలో చూసిన డాక్టర్లు విశాఖ తీసుకెళ్ళమన్నారు. అక్కడ పెద్దాసుపత్రిలో అమ్మ పైపళ్ళనూ కిందిపళ్ళనూ కలిపి తీగలతో బిగించేశారు. ఎముక అతుక్కునేదాకా నోరు తెరవడానికి లేదు. పళ్ళు ఊడిన సందులోంచి సన్నటి గొట్టంతో గంజి పోసేదాన్ని. సగం లోపలికి పోయేది, సగం మెడ మీదికి కారేది.

రోలుగుంట దగ్గర వ్యవసాయం చేసుకునే మావయ్య, అమ్మకు సొంత అన్నయ్య, మమ్మల్ని ఆసుపత్రి నుంచి తిన్నగా తన ఇంటికి తీసుకుపోయాడు. మర్నాడు ఎద్దుల్ని అదిలించే ములుగర్ర పట్టుకుని నర్సీపట్నం బస్సెక్కాడు. పుస్తకాలు తెచ్చుకోవాలని నేనూ వెళ్ళాను. నాన్న ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు.

"ఏటి బావా, నా సెల్లి మొగం ఎక్కడ పెట్టినావు?" అన్నాడు మావయ్య.

నాన్న లేచేలోగా కర్ర దిగింది. సందులో జనం చూస్తుండగా వీపు మీద, మోకాళ్ళ మీద, మోచేతుల మీద కొట్టాడు. కర్ర చివరి ములుకు చొక్కాను చీల్చి కింద చర్మాన్నీ చీల్చింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. సంతోషంగా చూశాను, దాచడం దేనికి. నాన్న ఎదురు తిరగలేదు. రెండు చేతులూ చాచి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈళ్ళని సెమించు," అన్నాడు. మావయ్య చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నాకైతే ఒళ్ళు మండిపోయింది. తన్నులు తింటూ కూడా మాకంటే ఒక మెట్టు పైన నిలబడ్డాడు మహానుభావుడు.

గొడవ వీధికెక్కాక సంఘం ఊరుకోదు. మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. బహిరంగంగా తప్పు చేసినవాణ్ణి ప్రభు బల్లకు దూరం పెడతారు. రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు, వెనక బెంచీలో కూర్చోమంటారు. మళ్ళీ బల్లకు రావాలంటే అతను సంఘం ముందు తప్పు ఒప్పుకోవాలి, బాధపడిన మనిషి లేచి క్షమించానని చెప్పాలి. మంచి శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే నాడు, ఈ పని అయితే ఈస్టరు నాడు బల్ల. పద్ధతి మంచిదే. అయితే నాన్నతో పాటు డోలక్ కూడా మూలకు పోయింది. వాయించడం ఇంకెవరికీ రాదు. శ్రమ దినాల పాటలు ఎవరికి తోచిన లయలో వాళ్ళు పాడుతుంటే చర్చంతా సంతలా ఉండేది. నాన్న చేసిన పాపం కంటే డోలక్ లేని లోటే పెద్దలను ఎక్కువ కుంగదీసింది.

అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, చెడ్డవారు కాదు. మెత్తని మనిషి. ఎవరు ఏడ్చినా తోడు ఏడ్చేవారు. నాన్న దగ్గర ఏడ్చి, రోలుగుంట వచ్చి అమ్మ మంచం పక్కనా ఏడ్చారు.

"ఎవరి సిలువ వాళ్ళు మోయాలమ్మా. దేవుడు నీకు ఈ సిలువ ఇచ్చాడు. నువ్వు ఓర్చుకుంటే అతను రక్షణలోకి వస్తాడు," అన్నారు.

అమ్మ ఏమీ అనలేదు కాబట్టి ఒప్పుకుందనుకుని వెళ్ళిపోయారు. తర్వాతి ఆదివారం అమ్మ పట్టుబట్టి చర్చికి వచ్చింది, మొహం మీద కొంగు కప్పుకుని. ఆ రోజు ప్రసంగం క్రీస్తు శ్రమల మీద. ఉమ్మేశారు, పిడిగుద్దులు గుద్దారు, కొరడాలతో వీపు చీరేశారు, ముళ్ళు తలలోకి దించారు, అయినా ప్రభువు నోరు మెదపలేదు అని అయ్యగారు చెప్పారు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది.

"మన మధ్యనే ఒక సహోదరి ఉంది. ఆమె కూడా దెబ్బలు తింది. ఈ రోజు వరకూ ఒక్క మాట అనలేదు. ప్రభువు ఓర్పు ఎలాంటిదో తెలియాలంటే ఆమెను చూడండి," అన్నారు.

అందరూ వెనక్కి తిరిగి అమ్మను చూశారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. వెనక బెంచీలోంచి నాన్న వెక్కిళ్ళు వినిపించాయి.

"అనలేదేటి, దవడకి తీగలు కట్టేరు," అన్నాను. మెల్లగా అనాలనుకున్నాను గాని గట్టిగానే వచ్చింది. పక్కనున్నావిడ నా తొడ మీద గిల్లింది. అమ్మ మాత్రం కొంగు తీసేసి, వేళ్ళతో పెదవులు పైకీ కిందికీ లాగి, పళ్ళ మీది తీగల్ని అందరికీ చూపించింది. మగవాళ్ళ వైపూ తిరిగి చూపించింది. అయ్యగారు గబగబా పాట నంబరు చెప్పారు.

మంచి శుక్రవారానికి కొద్ది రోజుల ముందు తీగలు తీశారు. అమ్మ మాట ముద్దగా వచ్చేది, నోరు సగమే తెరుచుకునేది. అమ్మ చర్చిలో లేచి క్షమించానంటే ఆ సాయంత్రమే నాన్న మమ్మల్ని ఇంటికి తీసుకుపోతాడు. మా వాళ్ళ లెక్కలో క్షమించడమంటే అదే. అదే గుమ్మం, అవే చేతులు. ఈసారి విరిగేది దవడ కాదు, తల. క్షమించనంటే ఆమె క్రైస్తవురాలే కాదంటారు. ఏం చెబుతావని అడిగితే, "నాకూ తెల్దే," అంది అమ్మ. నర్సీపట్నం బస్సులో అంతసేపూ కిటికీలోంచి బయటికే చూసింది.

మంచి శుక్రవారం ఆరాధన మిట్టమధ్యాహ్నం మొదలై మూడింటిదాకా సాగుతుంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. మొదటిది క్షమాపణ మాట. అది కాగానే అయ్యగారు నాన్నను ముందుకు పిలిచారు. నాన్న బల్ల ముందు నిలబడి ఏడ్చాడు. తర్వాత చొక్కా విప్పి, వీపు జనం వైపు తిప్పి, మావయ్య కర్ర చేసిన పుళ్ళు చూపించాడు.

"నా పాపానికి నాను దెబ్బలు తిన్నానండి. సూడండి. సరిపోయినాది. ప్రభువు నన్ను కడిగీసినాడు," అన్నాడు.

స్తోత్రం, స్తోత్రం అన్నారు జనం. మావయ్య పళ్ళు కొరుకుతూ తల దించుకున్నాడు. అయ్యగారు అమ్మను పిలిచారు. అమ్మ తెల్లచీర కుచ్చిళ్ళు సర్దుకుని ముందుకు వెళ్ళింది.

"నాను సెమించీసినాను అయ్యగారూ," అంది.

మళ్ళీ స్తోత్రాలు. నాన్న రెండు చేతులూ ఆమె వైపు చాచాడు.

"గాని ఇంటికి ఎల్లను," అంది అమ్మ.

అయ్యగారు నెమ్మదిగా, "క్షమించాక ఇల్లు వేరెందుకమ్మా? దేవుడు మనల్ని క్షమించి దగ్గరకు తీసుకోలేదా?" అన్నారు.

"తీసుకున్నాడండి. సిలువ మీద పక్కనున్న దొంగని కూడా సెమించినాడు. సెమించినాడని ఆడి మేకులు ఊడదీసీలేదు కదండీ. ఆడి సిచ్చ ఆడు పడ్డాడు, ప్రభువు ఎంట పరదైసుకీ ఎల్లినాడు." అమ్మ ఆగి చెంగుతో నోటి చివర తుడుచుకుంది. "ఇది నా సిలువని సెప్పినారు మీరు. నన్ను గుమ్మానికేసి కొడితే ఎవులికి రచ్చన వచ్చినాదండీ? ఈయనకి వచ్చినాదా, నాకొచ్చినాదా? లోకానికంతటికీ ప్రభువు తిన్న దెబ్బలు సాలని మీరే కదండీ సెప్తారు. సాలితే మరి నా దెబ్బలెందుకు? ఈయన ఈపు మీదియి ఎందుకు?"

అంత పొడుగు మాట మా అమ్మ నోట నేను అంతకు ముందు వినలేదు. నేను ఆమెనే చూస్తున్నాను, అందుకని నాన్న చెయ్యి ముడుచుకోవడం ఆలస్యంగా చూశాను. చాచిన చెయ్యే పిడికిలై, అతుక్కుని వారం కాని ఆ దవడ మీద పడింది. అమ్మ బల్ల అంచుకు తగిలి మెట్టు మీద కూలిపోయింది. బల్ల మీది తెల్లగుడ్డ ఆమె చేతితో పాటు జారి వచ్చింది. రెండు తెల్లబట్టల మీదా రక్తం పడింది.

ఇంతకాలం ఇంట్లో జరిగింది వాళ్ళ కళ్ళముందు జరిగింది. మగవాళ్ళంతా ఒక్కసారిగా నాన్న మీద పడ్డారు. అప్పటిదాకా స్తోత్రం అన్నవాళ్ళే. బెంచీలు తిరగబడ్డాయి. బెల్టులు ఊడదీశారు. మావయ్య నాన్న జుట్టు పట్టుకుని మొహాన్ని నాపరాళ్ళకేసి కొడుతున్నాడు, పెద్దలు చెప్పులతో పక్కటెముకల్లో తన్నుతున్నారు. నాన్న ఈసారి ప్రార్థన చెయ్యలేదు, మామూలు మనిషిలా కేకలు పెట్టాడు. చంపీండి, చంపీండి అని నేను బెంచీ ఎక్కి అరిచాను. నా గొంతు నాకే వినిపిస్తోంది, అయినా ఆపలేదు.

ఆపింది అమ్మ. మెట్టు మీంచి పాకుతూ వచ్చి ఆ కాళ్ళ మధ్య దూరింది. ఎవరిదో తన్ను ఆమె భుజానికి తగిలింది. ఆమె గోడ మీది సిలువకేసి చెయ్యెత్తి, "ఒగ్గీండి. ప్రభువు తిన్నయి సాలు. ఇంకెవులియీ వద్దు," అంది. మాటతో పాటు రక్తం వచ్చింది. మావయ్య చేతిలోంచి నాన్న జుట్టు ఆమే విడిపించింది. ఆ తర్వాత లేచి నిలబడి అయ్యగారి వైపు చూసింది.

"స్టేషనుకి ఎల్దాం రండి. మీరు సూసినారు కదా."

అయ్యగారి మొహం పాలిపోయింది. "ఈ రోజు మంచి శుక్రవారం కదమ్మా," అన్నారు.

"అవునండి. ప్రభువుని కూడా ఈ రోజే అధికార్ల సుట్టూ తిప్పినారు," అంది అమ్మ.

అయ్యగారు తెల్లటి అంగీతోనే ఎండలో ఆమె పక్కన నడిచారు. పోలీసుల దగ్గర చూసింది చూసినట్టు చెప్పారు, తర్వాత కోర్టులోనూ చెప్పారు. సంఘంలో సగం మంది ఆయన్ను తిట్టారు. ఆ సంవత్సరం మిగతా ఆరు మాటలూ ఎవరూ చెప్పలేదు.

నాన్న కొన్ని నెలలు జైల్లో ఉండి వచ్చాడు. అమ్మ హాస్టల్ పని వదల్లేదు, నన్ను నర్సింగ్ చదివించింది, బస్ కాంప్లెక్సు అవతల చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నాన్న ఊళ్ళో ఇంకోచోట గది తీసుకుని ఉండేవాడు. మా గుమ్మం తొక్కలేదు. ఆదివారం చర్చికి వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. ఏడవడం మానేశాడు. పైకి ప్రార్థన చెయ్యడం మానేశాడు. రెండు వేల సంవత్సరం దాటాక కొత్త పాస్టరు వచ్చి, పాత సంగతులు తెలియక, బల్లకు రమ్మని పిలిస్తే తల అడ్డంగా ఊపాడు. ఇదొక కొత్త నాటకం అన్నాను నేను. నాటకమైతే సూసీవోళ్ళుండాలి కదే అంది అమ్మ. నిజమే, అప్పటికి ఆయన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరు.

అలా ఏళ్ళు గడిచాయి. ఒక ఈస్టరు నాడు జనం వరసలు వరసలుగా బల్ల దగ్గరకు వెళ్తున్నారు. అమ్మ లేచింది, ముందుకు పోతుందనుకుంటే వెనక్కి నడిచింది. ఎందుకో నాకు భయమేసి వెంట వెళ్ళాను. నాన్న తల వంచుకుని కూర్చున్నాడు, మనిషి సగమైపోయాడు. అమ్మ భుజం తట్టడానికి చెయ్యెత్తింది. ఆ నీడ పడేసరికి నాన్న ఉలిక్కిపడి రెండు మోచేతులతో మొహం కప్పుకున్నాడు. మా ఇంట్లో అమ్మ కప్పుకున్నట్టే కప్పుకున్నాడు.

అమ్మ ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి ఆగింది. "కొట్టన్లే," అంది. "లెగు. నువ్వు రావొచ్చు. ఇంటికి కాదు, బల్లకి."

నాన్న మోచేతులు దించడానికి చాలాసేపు పట్టింది. లేచి, ఆమె వెనక, కొంచెం దూరంగా నడిచాడు. బల్ల ముందు అమ్మ ఒక చివర మోకాళ్ళేసింది, నాన్న ఇంకో చివర. పాస్టరు గారు ఇద్దరి చేతుల్లోనూ రొట్టె పెట్టారు. చివరి వరస వాళ్ళు రావచ్చు అని పిలిచారు. నా వైపు కూడా చూశారు. ఆ చేతులు రొట్టె పట్టుకోవడం చూశాక నేను ముందుకు పోలేదు. ప్రభువు తిన్న దెబ్బలు మా అమ్మకు చాలాయి. నాకింకా చాలలేదు. నాన్న లేచి వెళ్ళిన చోట నేను కూర్చున్నాను.